కొనబోయే ఇంట్లో దాగిన లోపాలు: మేడ మీద మొదలుపెట్టి పునాది దాకా చూసుకునే పద్ధతి

అమ్మకానికి పెట్టిన ఇంటికి ముందుగా జరిగేది రంగులు వేయడం. అది తప్పేమీ కాదు, ఎవరైనా చేస్తారు. కాకపోతే ఏళ్ల తరబడి ఉన్న చెమ్మ, పగుళ్లు, తుప్పు మరకలు రెండు పూతల కింద కొన్ని నెలల పాటు కనపడకుండా పోతాయి. కొనేవాళ్లు ఇల్లు చూసేది సరిగ్గా ఆ నెలల్లోనే.

చాలామంది హాల్లో మొదలుపెట్టి, వంటగది చూసి, చివర్లో ఓసారి మేడ మీదికి వెళ్లొస్తారు. దీన్ని తిరగేయాలి. ఇంటికి పట్టే పెద్ద జబ్బుల్లో ఎక్కువ భాగానికి మూలం నీరు. నీరు పైనుంచి కిందికి దిగుతుంది. అందుకే పరీక్ష కూడా పైకప్పు మీద మొదలై పునాది చుట్టూ ఉన్న నేల దగ్గర ముగియాలి. మధ్యలో కనిపించే ప్రతి మరకనూ "ఈ నీరు ఎక్కడినుంచి వచ్చింది?" అని అడుగుతూ పోతే సగం గుట్టు అక్కడే తేలిపోతుంది.

వెళ్లేముందు

ఒక్కసారి చూడటం చాలదు. మొదటిసారి పగటి వెలుతురులో, తొందర లేకుండా, రెండు మూడు గంటలు పెట్టుకుని వెళ్లండి. రెండోసారి మంచి వాన పడిన మర్నాడు వెళ్లండి. వాన చూపించేది ఏ పరికరమూ చూపించలేదు.

వెంట తీసుకెళ్లాల్సినవి పెద్ద ఖరీదైనవేమీ కావు. మంచి టార్చి, స్క్రూడ్రైవర్, కొలత టేపు, ఒక నాణెం, గోళీ, పాత బ్యాంకు కార్డు, సుద్దముక్క, దారపు ఉండ, పది లీటర్ల బకెట్టు, సాకెట్ టెస్టర్ ఉంటే చాలు. తాపీమేస్త్రులు నీళ్లు నింపి మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ ట్యూబు దొరికితే ఇంకా మంచిది.

ట్యాంకు నింపి ఉంచమని, కరెంటు ఉండేలా చూడమని, గోడలకు ఆనించిన బీరువాలు, మంచాలు ఓ అడుగు ముందుకు జరిపించమని అమ్మేవారికి ముందే చెప్పండి. నెలల తరబడి ఖాళీగా ఉన్న ఇంటితో ఒక చిక్కుంది. నీళ్లు వాడకపోతే లీకులు ఆరిపోతాయి, మరకలు తెల్లబడతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. అలాంటి ఇంట్లో అడుగు పెట్టగానే అన్ని కుళాయిలూ, షవర్లూ అరగంట పాటు నడిపించి, ఆ తర్వాతే పరీక్ష మొదలుపెట్టాలి.

పైకప్పు

మేడ మీద నిలబడి ముందు వాటం చూడండి. కాంక్రీటు కప్పు మీద నీరు పారాలంటే ప్రతి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. వాలు లేని చోట నీరు నిలిచి, ఆరి, నల్లటి వలయాలు మిగులుతాయి. వాన లేని రోజున కూడా ఆ వలయాలే నీటి గుంటల పటం గీసి చూపిస్తాయి. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే పది కిలోల బరువు. ఆ బరువు కంటే దాని కింద నానుతున్న కాంక్రీటు గురించే ఎక్కువ ఆలోచించాలి.

తర్వాత పిట్టగోడ స్లాబును కలిసే మూల చూడండి. ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గోడ అలా కదలదు కాబట్టి కీలు ఆ మూలలోనే విడుతుంది. అక్కడ గుండ్రంగా సిమెంటు అతుకు వేసి ఉండాలి. అది చిట్లిందేమో వేలితో తడిమి చూడండి. వాననీటి గొట్టాల నోళ్ల దగ్గర, ట్యాంకు దిమ్మెల చుట్టూ, డిష్ యాంటెనాకో సోలార్ పలకలకో కొట్టిన బోల్టుల దగ్గర కూడా ఇంతే శ్రద్ధగా చూడాలి. వాటర్‌ప్రూఫ్ పూత కొత్తగా మెరుస్తుంటే ఎందుకు వేశారో, ఏ గదిలో కారిందో అడగండి. వేయడం మంచిదే, కారణం తెలియాలి.

కారుతుందన్న అనుమానం ఉంటే నీరు నిలగట్టి చూడటమే సరైన పరీక్ష. గొట్టాల నోళ్లు గుడ్డలతో బిగించి, రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున నీరు పెట్టి, 24 గంటలు ఆగి, కింద గదుల సీలింగు చూడాలి. బాగా పాతబడిన, పెచ్చులూడుతున్న స్లాబు మీద మాత్రం ఇంజనీరును అడగకుండా ఈ బరువు పెట్టకండి.

ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కడ నిలబెట్టారో చూడండి. వెయ్యి లీటర్ల నీరంటే టన్ను బరువు. అది పిల్లర్ల మీదో, గట్టి గోడ మీదో ఉండాలి గానీ స్లాబు నడిమధ్యన ఉండకూడదు. పాత రోజుల్లో వేసిన ఆస్‌బెస్టాస్ రేకులు ఎక్కడైనా ఉంటే వాటిని పగలగొట్టకండి, రంధ్రం వేయకండి, గీకకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. వాటిని విప్పించే పని, ఖర్చు వేరుగా లెక్కలో వేసుకోవాలి.

గోడల్లో చెమ్మ

ఇక్కడ టార్చి పట్టుకునే తీరే అసలు కిటుకు. వెలుతురును గోడకు ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. గదిలో లైట్లు ఆర్పి, కర్టెన్లు మూసి, టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. పుట్టీ పెట్టిన అతుకుల అంచులు, రంగు కింద పొంగిన బుడగలు, మూసేసిన పగుళ్ల గీతలు చిన్న చిన్న నీడలుగా లేచి నిలబడతాయి. అలాంటి చోట సుద్దతో గుర్తు పెట్టుకుని, నాణెంతో తట్టండి. గోడకు పట్టి ఉన్న ప్లాస్టరింగు గట్టిగా, పొట్టిగా మోగుతుంది. ఊడినది గుల్లగా మోగుతుంది.

చెమ్మ ఉందని తెలిస్తే సరిపోదు, ఎటునుంచి వచ్చిందో తేలాలి. మరమ్మతు ఖర్చు దాన్ని బట్టే ఉంటుంది.

నేలలోంచి ఎక్కే చెమ్మ గోడ అడుగున మొదలై, సాధారణంగా మీటరు ఎత్తులోపు ఆగుతుంది. పై అంచున అలల గీతలా మరక, దాని మీద తెల్లటి ఉప్పు పొడి ఉంటాయి. పునాది మీద, గోడ కింద చెమ్మను ఆపే పొర లేకపోయినా, పాడైపోయినా, బయటి మట్టిని ఆ పొర కంటే ఎత్తుగా పోసినా ఇలా జరుగుతుంది. మొదటి రెండూ సరిచేయడం కష్టం, ఖర్చు. మూడోదానికి పార తీసుకుని మట్టి తవ్వి తీస్తే చాలు. ఒకే గది గోడకు నడుము ఎత్తు దాకా చెక్క పలకలో, ప్లాస్టిక్ ప్యానెళ్లో, టైల్సో అంటించి ఉండి, మిగతా గదుల్లో లేకపోతే ఆ అలంకారం వెనక ఏముందో తప్పక అడగండి.

పైనుంచి దిగే చెమ్మ సీలింగు మూలల్లో పసుపు, గోధుమ వలయాలుగా కనపడుతుంది. స్నానాల గది గోడకు అవతలి వైపు మోకాలి ఎత్తున మరక ఉంటే గోడలో పాతిన పైపో, నేల టైల్స్ సందులో అనుమానించాలి. కిటికీ కింద మూలల్లో అయితే వాననీరు చట్రం పక్కనుంచి వస్తోంది. మంచాలు, బీరువాల వెనక, గాలి ఆడని చల్లటి మూలల్లో నల్లటి బూజు మాత్రమే ఉండి, ఉప్పు పొడి, మరక అంచు లేకపోతే అది గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా మారడం వల్ల వచ్చి ఉండొచ్చు. గాలి, వెలుతురు వచ్చేలా చేస్తే అది చాలా వరకు తగ్గుతుంది.

నేలలోంచి చెమ్మ వస్తోందా, గది గాలిలోదా అని తేలకపోతే, 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, 16 గంటల పైన వదిలేయండి. అడుగు వైపు తడిస్తే నేలలోంచి, పై వైపు తడిస్తే గాలిలోంచి. టైల్స్ మీద ఇది సరిగ్గా పనిచేయదు, సిమెంటు నేల మీద చేయాలి.

కొత్తగా వేసిన ఫాల్స్ సీలింగు విషయంలో మొహమాటపడకండి. లైటు బిగించిన రంధ్రం విప్పి ఫోను కెమెరా పైకి పెట్టి నాలుగు ఫొటోలు తీస్తే, పైనున్న స్లాబు కనపడుతుంది. విప్పడానికి అమ్మేవారు ససేమిరా అంటే దాన్ని కూడా ఒక సమాచారంగానే రాసుకోండి.

పగుళ్లు చదవడం

పగుళ్లు లేని ఇల్లు ఉండదు. వాటిని చూసి బెదిరిపోవడం, అసలు పట్టించుకోకపోవడం, రెండూ తప్పే. చూడాల్సినవి వెడల్పు, దిశ, ఏ భాగం మీద ఉంది, ఇంకా కదులుతోందా అన్నవి.

వెడల్పుకు బ్యాంకు కార్డే కొలబద్ద. దాని మందం మిల్లీమీటరులో మూడు వంతుల పైచిలుకు. కార్డు అంచు దూరని సన్నటి పగులు, సాలెగూడులా అల్లుకున్న గీతలు చాలా వరకు ప్లాస్టరింగు ఆరేటప్పుడు వచ్చినవే. ఐదు మిల్లీమీటర్ల దాకా ఉన్నవాటికి కారణం వెతకాలి. ఐదు దాటితే ఇంజనీరును పిలవకుండా ముందుకు వెళ్లొద్దు. 15 దాటిందంటే ఇంటి కట్టడమే కదిలిందని అర్థం.

పగులు కనపడగానే గోడ అవతలికి వెళ్లి అదే చోట చూడండి. ఒక వైపే ఉంటే ప్లాస్టరింగుదే కావచ్చు, రెండు వైపులా ఉంటే గోడదే.

పిల్లర్లూ బీములూ ఉన్న ఇళ్లలో బీము కింద అడ్డంగా, పిల్లరు పక్కన నిలువుగా సన్నగీత ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఇటుక, కాంక్రీటు ఒకే తీరుగా సాగవు, ముడుచుకోవు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా వెంట్రుకంత గీత కూడా మామూలే. ఆ ఏటవాలు గీత పైకి పోయేకొద్దీ వెడల్పయినా, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగినా పునాది కుంగుతున్నట్టు అనుమానించాలి. ఇంటి చివరి భాగం కుంగితే పగుళ్లు పైన వెడల్పుగా, మధ్య భాగం కుంగితే కింద వెడల్పుగా ఉంటాయి. అలాంటి చోట తలుపులు కూడా సాక్ష్యం చెబుతాయి. తలుపు పై అంచుకూ ద్వారబంధానికీ మధ్య సందు ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ ఉంటుంది, లేదా తలుపు అంచును కొత్తగా చిత్రిక పట్టి ఉంటుంది. తలుపులన్నీ తెరిచి, సగంలో వదిలేయండి. వాటంతట అవే ఊగి ఒక వైపుకు పోతుంటే ఆ గది నేల మట్టాన్ని లెవెల్ ట్యూబుతో కొలవండి. ట్యూబులో గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి, లేకపోతే కొలత తప్పుతుంది. స్నానాల గదీ, వంటగదీ కాని చోట గోళీ ఒకే దిక్కుకు వేగంగా దొర్లితే అదీ గుర్తు పెట్టుకోండి.

పగులు ఇంకా కదులుతోందా అన్నది అంచులు చెబుతాయి. లోపల దుమ్ము, పాత రంగు పేరుకుని ఉంటే అది పాతది. అంచులు పదునుగా, లోపల సిమెంటు శుభ్రంగా ఉంటే కొత్తది. పుట్టీతో మూసిన చోటే మళ్లీ చిట్లి ఉంటే కారణం ఇంకా బతికే ఉంది. మన లెక్కలో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన గుర్తు ఇదే.

బీము అడుగున మధ్యలో నిలువుగా వెంట్రుకంత గీత రావచ్చు. పిల్లరు దగ్గరగా, ఏటవాలుగా వచ్చే పగులు మాత్రం వెడల్పు తక్కువైనా ప్రమాదకరం. బాల్కనీ సంగతి వేరు. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన స్లాబుకు బరువు మోసే ఇనుము పై వైపు ఉంటుంది. అందుకే గోడను కలిసే చోట బాల్కనీ నేల మీద, పొడవునా పగులు ఉంటే తేలిగ్గా తీసుకోకండి. వాననీరు నేరుగా ఆ ఇనుము మీదికే పోతుంది. బాల్కనీ ముందు అంచున దారం బిగించి లాగితే వంగిందో లేదో తెలిసిపోతుంది.

తుప్పు

కాంక్రీటులో ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా కాపాడేది దాని క్షారగుణం. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడు, చెమ్మ లోపలికి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తాయి. సముద్రపు ఉప్పు గాలి ఉంటే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, పైనున్న కాంక్రీటును లోపలినుంచి నెట్టేస్తుంది. ముందు పిల్లరు అంచున చువ్వ వెంబడి నిలువుగా సన్నటి పగులు, తర్వాత గోధుమ రంగు మరక, ఆ తర్వాత పెచ్చు ఊడటం. మూడో దశలో అందరికీ కనపడుతుంది. మొదటి దశలోనే పట్టుకోవాలి.

ఇందుకు చూడాల్సిన చోట్లు బాత్రూము కింద సీలింగు, మెట్ల అడుగు భాగం, సన్‌షేడ్ అడుగు, సంపు స్లాబు అడుగు, పార్కింగులో పిల్లర్ల కింది రెండడుగులు. పుట్టీ తాజాగా కనిపించిన ప్రతి చోటా నాణెంతో తట్టండి. ఒకచోట పెచ్చు ఊడితే మరమ్మతు చేసుకోవచ్చు. స్లాబు నిండా గుల్లగా మోగుతుంటే ఆ ఇంటి ధర కాదు, ఆ ఇల్లే ఆలోచించుకోవాలి.

నీళ్లు, మురుగు

అన్ని కుళాయిలూ కట్టేసి నీటి మీటరు అంకె రాసుకోండి. గంట ఆగి చూస్తే అంకె కదిలిందంటే ఎక్కడో పైపు కారుతోంది. మీటరు లేకపోతే ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి చూడండి. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు నీళ్లు పోసి, ఇరవై నిమిషాలు నొక్కకుండా వదిలేయండి. కమోడులో రంగు కనిపిస్తే లోపలి వాషరు పోయినట్టే. అది చిన్న పని.

షవరు తెరిచి, అదే సమయంలో వంటగది కుళాయి, ఫ్లష్ వాడి చూడండి. ధార ఎంత పడిపోతుందో తెలుస్తుంది. పది లీటర్ల బకెట్టు నిండటానికి పట్టే సమయం కూడా రాసుకోండి. పాత ఇనుప పైపుల్లో తుప్పు పేరుకుని లోపలి దారి సన్నబడుతుంది. పొద్దున మొదటి ధార ఎర్రగా వచ్చిందంటే అదే సంగతి.

వాష్‌బేసిన్, సింకు నింపి ఒకేసారి వదిలేయండి. నీరు గుడగుడ శబ్దంతో దిగితే, పక్కనున్న నేల జాలీలోంచి బుడగలు వస్తే, మురుగు గొట్టం సగం పూడుకుపోయిందో, గాలి పోయే గొట్టం లేదో అనుకోవచ్చు. బయట చాంబరు మూత తీయించి, లోపల ఎవరైనా ఫ్లష్ చేస్తుండగా నీరు సాఫీగా పోతోందా, అడ్డుపడి నిలుస్తోందా చూడండి. సెప్టిక్ ట్యాంకు ఉంటే ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారో అడగండి. దాని చుట్టూ నేల ఎప్పుడూ తడిగా, గడ్డి అక్కడే పచ్చగా ఉంటే ట్యాంకు కారుతోందని అనుమానించాలి. మంచినీళ్ల సంపు దానికి దగ్గరగా ఉంటే నీటిని పరీక్ష చేయించాల్సిందే.

స్నానాల గదికి కూడా పైకప్పు పరీక్షే. జాలీ మూసి, రెండు మూడు సెంటీమీటర్ల నీరు 24 గంటలు నిలిపి, కింద సీలింగు చూడాలి. అపార్ట్‌మెంటులో కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. మీరు కొనే ఫ్లాట్ బాత్రూము కారుతోందో లేదో మీ ఫ్లాట్‌లో కనపడదు, కింది ఫ్లాట్‌లో కనపడుతుంది. కింది వాళ్ల తలుపు తట్టి ఒక్క నిమిషం సీలింగు చూపించమని అడగండి.

కరెంటు

ముందు డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తెరిచి చూడండి. మాడిన వాసన, కరిగిన ప్లాస్టిక్, గోధుమ రంగు తిరిగిన స్విచ్చులు, టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే వైరింగు మొత్తం చూపించాలి. ఎర్త్ లీకేజీని పట్టే బ్రేకరు 30 మిల్లీయాంపులది ఉండాలి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి.

వైరు మందం కంటే బ్రేకరు రేటింగు ఎక్కువ ఉండటం తరచుగా కనిపించే, నిప్పు రాజేసే తప్పు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 యాంపుల బ్రేకరు పెడితే వైరు వేడెక్కి కరుగుతుంది గానీ బ్రేకరు పడదు. మాటిమాటికీ పడిపోతోందని ఎవరో పెద్దది బిగించి ఉంటారు. ఏసీకి, గీజరుకు విడి లైన్లు, 4 చదరపు మిల్లీమీటర్ల వైర్లు ఉన్నాయో అడగండి.

ప్రతి సాకెట్టులోనూ టెస్టర్ పెట్టి ఎర్త్ ఉందో లేదో చూడండి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన మూడో వైరు ఉన్నట్టు కాదు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అలవాటు లేనివాళ్లు మల్టీమీటరు పట్టుకోకండి.

చెదలు

ద్వారబంధాల అడుగులు, అల్మారాల వెనక మూలలు, మెట్ల కింది గది, గోడా నేలా కలిసే గీత చూడండి. పెన్సిలంత మందాన మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు వచ్చినట్టు. స్క్రూడ్రైవర్ మొనతో చెక్కను నొక్కితే బయట రంగు బాగున్నా లోపలికి దిగిపోతుంది. ఒక గొట్టాన్ని రెండంగుళాలు విరగ్గొట్టి ఉంచండి. రెండో రాకలో అది మళ్లీ కట్టుకుని ఉంటే పుట్ట ఇంకా సజీవంగా ఉంది. చిన్న రంధ్రాల కింద సన్నటి పొడి రాలుతుంటే అది చెక్క తొలిచే పురుగు, దానికి మందు వేరు.

నేల, పునాది, మార్పులు

బయట ఇంటి చుట్టూ నడవండి. నేల ఇంటి వైపు వాలి ఉంటే ప్రతి వానా పునాదిలోకి పోతుంది. రోడ్డు మట్టం ఇంటి నేల కంటే ఎత్తయితే నీరు ఎటు వెళ్తుందో ముందే ఊహించుకోవచ్చు. ప్రహరీ గోడ మీద, గేటు మీద, మీటరు పెట్టె కింద ఒకే ఎత్తున బురద గీత ఉందేమో చూడండి, అది పాత వరద మట్టం. పల్లాన్ని పూడ్చి మెరక వేసిన నేలైతే పునాది గట్టి నేల దాకా దిగిందా అన్నది ముఖ్యం. పక్కిళ్లలో కూడా మెట్లు, ప్రహరీలు కుంగి ఉంటే నేలదే తప్పు. ఏళ్లుగా అక్కడే ఉంటున్న పొరుగువాళ్లను వానాకాలం ఎలా ఉంటుందో అడగండి, సూటిగానే చెబుతారు.

అనుమతి పొందిన ప్లానును చేతిలో పెట్టుకుని గదులు కొలవండి. ప్లానులో గోడ ఉండి, ఇంట్లో లేకపోతే ఆ బరువును ఇప్పుడు ఏది మోస్తోందో తెలియాలి. పిల్లర్లు లేని ఇంట్లో 23 సెంటీమీటర్ల మందం గోడలే కప్పును మోస్తాయి. హాలు విశాలంగా ఉండాలని అలాంటి గోడ తీసేసి, పైన బీము వేయకపోతే ప్రమాదం. పై అంతస్తు తర్వాత కట్టి ఉంటే, పునాది అన్ని అంతస్తులకూ లెక్క వేసిందేనా అని స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. అవి లేవంటే ఇంజనీరు పరీక్ష లేకుండా బయానా ఇవ్వకండి.

ఇంజనీరును పిలిచినప్పుడు మీరు సుద్దతో గుర్తు పెట్టిన చోట్లూ, ఫొటోలూ, వాన తర్వాత చూసిన మరకలూ ముందే చూపించండి. కాంక్రీటు గట్టిదనానికి రీబౌండ్ హామర్, లోపలి తుప్పుకు హాఫ్ సెల్ పరీక్ష, చువ్వల మీది కాంక్రీటు మందానికి కవర్ మీటరు ఉంటాయి. ఏది చేయించాలో ఆయన నిర్ణయిస్తారు. ఆయన్ని అమ్మేవారో మధ్యవర్తో కాకుండా మీరే ఎంచుకోండి.

దొరికిన లోపాన్ని "మేమే బాగుచేయించి ఇస్తాం" అంటే తొందరపడి ఒప్పుకోకండి. కారణం వెతక్కుండా పుట్టీ పెట్టి రంగేస్తే మీ చేతికి వచ్చేది మళ్లీ మూసిన పగులే. మరమ్మతు ఖర్చు అంచనా వేయించి ధరలో తగ్గించుకోవడం మేలు. వాళ్లే చేయించాలంటే ఏం పని, ఏ పద్ధతిలో అన్నది ఒప్పందంలో రాయించండి. పని జరుగుతున్నప్పుడు పాత ప్లాస్టరింగు తీసిన దశలో ఒకసారి వెళ్లి చూడండి. చివరి సొమ్ము కట్టేముందు అదే బాత్రూములో, అదే మేడ మీద మళ్లీ 24 గంటలు నీరు నిలగట్టి, కింద సీలింగు చూసుకోండి.